నాలుగో డెస్క్‌టాప్‌లో ఆవిడ

రికార్డుల ఆఫీసు, రెండో అంతస్తు
జూన్ 4

కోడలు పిల్లకు,

మీ మేనమామ ఆశీస్సులు. ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. మీ అమ్మ బాగానే ఉంది, కుట్టుమిషనూ బాగానే ఉంది. రెండూ పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా ఆగడం లేదు.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని అంటావు. మన ఫోన్ బాగాలేదు. మెయిల్ పెట్టొచ్చుగా అంటావు. నాకూ మీ అమ్మకూ కలిపి ఒకటే మెయిల్. అలా పెట్టిచ్చింది నువ్వే. అందుకని జవాబు కూడా ఇంటికి కాకుండా ఆఫీసుకే రాయి.

సంగతేమిటంటే, ఈ ఏడాది నుంచి మా వాళ్లు ఇంటి దగ్గరే పని చేసుకోమన్నారు. వారానికి ఒక్కరోజు ఆఫీసుకొస్తే చాలు. విచారణల రికార్డింగులు వింటూ టైపు చేయడమే కదా, ఎక్కడ కూర్చుని వింటేనేం అన్నారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటర్. నా రికార్డింగులు, నా టైపు కాగితాలు, లిఫ్టు బాగుచేసేవాళ్లకు నేను రాస్తున్న ఫిర్యాదులు, మీ అమ్మ పరదాల కొలతలు, పరదాలు కుట్టించుకునేవాళ్ల ఇళ్ల ఫోటోలు, అన్నీ ఆ ఒక్క తెర మీదే కలగాపులగంగా పడున్నాయి. మొన్న ఒక విచారణ మధ్యలో "ముందు గది, ఆరడుగులు, పసుపు రంగు, కింద మడత కావాలి" అని కూడా చేర్చి పంపేశాను. ఆఫీసులో ఎవరూ ఏమీ అడగలేదు. సాక్షి చెప్పాడనుకున్నట్టున్నారు.

మీ అమ్మ రోజూ పదకొండింటికి వచ్చి గంటసేపు కూర్చుంటుంది. ఆవిడ కూర్చునే ముందు నావన్నీ దాచి, లేచాక మళ్లీ తీసుకోవడం ఎలాగో చెప్పు. దాచడమంటే రహస్యమని కాదు. సర్దుకోవడం.

మామయ్య


హెల్ప్ డెస్క్, కిటికీ లేని గది
జూన్ 12

మామయ్యకు,

పోస్టు డబ్బా ఎక్కడుందో కనుక్కోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. అడిగినవాళ్లంతా నన్ను జాలిగా చూశారు. మీ ఫోన్ బ్రహ్మాండంగా ఉంది. నిన్ననే అమ్మతో నలభై నిమిషాలు మాట్లాడాను. అందులో ముప్పై ఎనిమిది నిమిషాలు అమ్మే మాట్లాడింది.

సరే, అడిగావు కాబట్టి చెప్తాను. రోజుకు ముప్పై మందికి అప్పజెప్పే పాఠమే. నీకు కావలసినవి వర్చువల్ డెస్క్‌టాప్‌లు. తెర ఒకటే, కానీ దాని వెనక ఎన్ని బల్లలు కావాలంటే అన్ని వేసుకోవచ్చు. ఒక బల్ల మీద పరిచినవి ఇంకో బల్ల మీద కనబడవు. కంట్రోల్ బటన్, నాలుగు గళ్ల బొమ్మ ఉన్న బటన్, డి అక్షరం, మూడూ కలిపి నొక్కు. కొత్తది వస్తుంది. డి బదులు పక్క బాణం నొక్కితే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్తావు. నాలుగు గళ్ల బటన్‌తో టాబ్ నొక్కితే అన్నీ వరసగా కనబడతాయి. ఒకదాంట్లో ఉన్న విండోని పట్టుకుని పక్కదాంట్లోకి లాగి పడేయొచ్చు. ఒక్కోదానికి ఒక్కో రంగు పెట్టుకో, ఎక్కడున్నావో తెలుస్తుంది. ఏదైనా విండో అన్నిట్లోనూ కనబడాలంటే దానికీ ఒక పద్ధతుంది, ఆ వరసలో దాని మీద కుడి క్లిక్ చేస్తే నీకే అర్థమవుతుంది.

ఒక్కటి గుర్తుంచుకో. ఇవి గోడలు కావు, తాళాలు లేవు. అమ్మ బాణం నొక్కిందంటే నీ బల్ల ఆవిడ ఎదురుగా ఉంటుంది. అమ్మ నొక్కదులే. ఆవిడకు మౌస్ తప్ప మిగతా బటన్లంటే నమ్మకం లేదు.

మూడు చాలనుకుంటాను. నీ పనికొకటి, ఇంటికొకటి, అమ్మకొకటి.

ఇంతకీ నేను ఫోన్ చేస్తే నువ్వెందుకు తీయడం లేదు?

నీ కోడలు


రికార్డుల ఆఫీసు
జూలై 2

కోడలు పిల్లకు,

నాలుగు వేశాను.

మొదటిది బూడిద రంగు, అందులో నా పని. రెండోది ఆకుపచ్చ, ఇంటి వ్యవహారాలు. మూడోది మీ అమ్మది. పసుపే కావాలంది. బ్రహ్మాండంగా ఉంది ఏర్పాటు. ఒక్క పొరపాటు జరిగింది. నువ్వు చెప్పావు కదా అని కుడి క్లిక్ చేసి చూశాను. అప్పట్నించీ లిఫ్టు మీద రాసిన ఫిర్యాదు నాలుగింట్లోనూ కనబడుతోంది. ఎక్కడికెళ్లినా ముందు అదే ఉంటుంది. మీ అమ్మ దాన్ని చదివి అక్షరదోషాలు దిద్దింది.

నాలుగోదాని సంగతి నీకు చెప్పాలి. నీకొక్కదానికే.

నాకు చెవులు వినపడటం లేదు. రెండేళ్లయింది. ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా. కుడిచెవి దాదాపు పోయింది, ఎడమది దానికన్నా నయం అంతే. ఎదురుగా నిలబడి చెప్తే చాలావరకు అందుతుంది. ఫోన్లో అసలు అందదు. డాక్టరు చెవికి మిషను పెట్టి చూశాడు. చప్పుడు పెరుగుతోంది, మాట మాత్రం విడిపడటం లేదు. ఈమధ్య రికార్డింగులతో పాటు వీడియో కూడా వస్తోంది కాబట్టి మూతి కదలిక చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంటున్నాను. కంప్యూటర్లో ఒక ఆవిడ నేర్పుతుంది. యాభై ఏళ్లుంటాయి, ఎర్ర శాలువా. ఒక్కో వాక్యం గొంతు లేకుండా మూడుసార్లు అంటుంది, ఆ తర్వాత బటన్ నొక్కితే అక్షరాల్లో చూపిస్తుంది. పాట, బాట, మాట, మూడూ పెదాల మీద ఒక్కలాగే ఉంటాయని నాకు ఈ వయసులో తెలిసింది. నాలుగో డెస్క్‌టాప్‌లో ఉన్నది ఆవిడ.

అర్థం కాని చోట "వినపడలేదు" అని టైపు చేయాలని మా పద్ధతి. పేజీకి రెండు వరకూ మన్నిస్తారు. నావి తొమ్మిది, పది వస్తున్నాయి. రికార్డింగు బాగాలేదని చెప్పి నెట్టుకొస్తున్నాను. నా మాట నమ్మి మైకులు రెండుసార్లు మార్చారు. సెప్టెంబరులో అందరి పేజీలూ తీసి చూస్తారు. మించినవాళ్లను ఈ పని నుంచి తప్పిస్తారు. ముప్పై ఏళ్లుగా ఈ సెక్షన్‌లో ఎవరికి ఏ మాట అర్థం కాకపోయినా నా దగ్గరికే తెచ్చేవారు. కాగితం తిప్పిన చప్పుడు విని ఉత్తరమో ఫైలో చెప్పేవాణ్ణి. ఆ పని పోతే నేనేమిటో నాకు తెలీదు. భయంగా ఉంది.

మీ అమ్మకు చెప్పకు. చెప్తే ఊరంతటికీ నా చెవుల గురించే చెప్తుంది. నాకు తప్ప అందరికీ వినపడుతుంది.

మామయ్య


హెల్ప్ డెస్క్
జూలై 11

మామయ్యకు,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చి వచ్చాను. ఇప్పుడు బాగానే ఉన్నాను. ఇక తిడతాను.

పోయినేడు నా ఉద్యోగం పోయిందని నీకు ఫోన్ చేసి చెప్పాను, గుర్తుందా? నువ్వు "మంచిది" అన్నావు. ఇంకా ఏదో చెప్పబోతే "ఆహా" అన్నావు. మూడు నెలల తర్వాత వేరే ఉద్యోగం దొరికిందంటే "అయ్యో" అన్నావు. నేను ఏడాదిపాటు నీ మీద కోపంతో ఉడికిపోయాను. ఆ కోపమంతా ఇప్పుడు ఎక్కడ పెట్టుకోను?

అమ్మకు చెప్పు. నేను చెప్పను. నీకు మాటిచ్చానని కాదు, ఇవ్వలేదు కూడా. ఒకే ఇంట్లో ఉంటూ ఆవిడ ఇంకొకరి ద్వారా వింటే బాగుండదు.

లిఫ్టు ఫిర్యాదుకి: మళ్లీ అక్కడే కుడి క్లిక్ చేసి టిక్కు తీసేయ్.

నీ కోడలు


రికార్డుల ఆఫీసు
ఆగస్టు 6

కోడలు పిల్లకు,

లిఫ్టు ఫిర్యాదు పోయింది. లిఫ్టు బాగవలేదు.

మీ అమ్మకు చెప్పబోయాను. రెండుసార్లు. నీకు తెలుసుగా, మిషను కిటికీ వైపు, ఆవిడ మిషను వైపు, నేను ఆవిడ వీపు వైపు. కుడుతూ ఏదో చెప్తూనే ఉంది. ఏదో ఒకటి చెప్పడం అలవాటే కదా అని నేను తలూపి వచ్చేశాను. వీపుకి తలూపితే ఏం తెలుస్తుందని నన్నడక్కు.

ఈలోగా ఒక ఉపద్రవం జరిగింది. మొన్న మంగళవారం మీ అమ్మ పదకొండింటికి రావలసింది పదిన్నరకే వచ్చి నా వెనక నిలబడింది. నేను నాలుగోదాంట్లో ఉన్నాను. హడావుడిగా వరస తెరిచి, నాలుగోదాని మీద ఉన్న ఇంటూ గుర్తు నొక్కాను. డెస్క్‌టాప్ మొత్తం మాయమైంది. అమ్మయ్య అనుకుని, ఆవిడకు పసుపుది చూపించి, కుర్చీ ఇచ్చి, స్నానానికి పోయాను.

వచ్చేసరికి పరదాల కొలతల మీద ఎర్ర శాలువా ఆవిడ కూర్చుని ఉంది. మూతి కదుపుతోంది. మీ అమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పది నిమిషాలుగా చూస్తోందట.

ఆ డెస్క్‌టాప్‌ని నా చేతులతో నేనే మూసేశాను. ఆవిడ ఎలా వచ్చింది?

మామయ్య


హెల్ప్ డెస్క్
ఆగస్టు 14

మామయ్యకు,

తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. డెస్క్‌టాప్ మూసేస్తే అందులో ఉన్నవి మూతపడవు. ఎడమ పక్కన ఉన్నదాంట్లోకి జరుగుతాయి. అంటే నువ్వు బల్ల తీసేశావు, బల్ల మీదివి పక్కబల్ల మీదికి చేరాయి. ముందు విండోలు ఒక్కొక్కటీ మూయాలి, ఆ తర్వాత డెస్క్‌టాప్ తీసేయాలి. రోజుకు ముప్పై మందికి చెప్తాను, ఇంటి మనిషికి చెప్పడం మర్చిపోయాను.

నీ ఉత్తరం రాకముందే అమ్మ ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది. అమ్మ గొంతు తగ్గించగలదని నాకు ఇన్నాళ్లూ తెలీదు. "మీ మామయ్య ఎవరితోనో మాట్లాడుతున్నాడే. పెద్దమనిషే. మర్యాదస్తురాల్లాగే ఉంది. నేను చూస్తున్నానని తెలిసి గొంతు బయటికి రానీయలేదు" అంది. నేను ఒక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను. నవ్వు ఆపుకోవడానికి అని రాయాలి కానీ నాకు నవ్వు రాలేదు.

నాకు ఆశ్చర్యం ఏమిటంటే అమ్మకు కోపం రాలేదు. వెక్కిరించనూ లేదు. సంబరపడుతోంది. ఊపిరి పీల్చుకున్నట్టు ఉంది. ఎందుకో నువ్వు కనుక్కో.

అసలు సంగతి చెప్పేయ్, మామయ్యా. ఇంతకంటే మంచి సమయం రాదు.

నీ కోడలు


రికార్డుల ఆఫీసు
సెప్టెంబరు 10

కోడలు పిల్లకు,

చెప్పలేదు. కానీ అబద్ధమూ ఆడలేదు. మీ అమ్మ నా ఎదురుగా నిలబడి అడిగింది, అందుకని ప్రతి మాటా అందింది. "పెళ్లయిందా ఆవిడకి?" అంది. తెలీదన్నాను. "ఎన్నాళ్లుగా?" అంది. ఏప్రిల్ నుంచి అన్నాను. "ఏమంటుంది?" అంది. ఉల్లిపాయలు వద్దంటుంది, బస్సు ఎన్ని గంటలకని అడుగుతుంది అన్నాను. నిజంగా ఆ వారం పాఠాలు అవే. అప్పట్నించీ మీ అమ్మ కూరల్లో ఉల్లిపాయలు మానేసింది. ఆవిడ వచ్చేసరికి మనకు అలవాటవ్వాలట. నా గదికి కొత్త పరదాలు కత్తిరించింది. చెవులు పోయాయని చెప్పడం కన్నా ఇది తేలిగ్గా ఉందనిపించి ఊరుకున్నాను. సిగ్గుపడాల్సిన విషయమే.

ఇక రెండోది. పోయిన వారం నాకొక రికార్డింగు వచ్చింది. మిల్లులో మరలు తుడిచే ఆవిడ, కుడిచెయ్యి నలిగింది. చిన్న గొంతు. ఇరవై రెండు నిమిషాలూ తలొంచుకునే ఉంది, కట్టుకట్టిన చెయ్యి మూతికి అడ్డం. ఎర్ర శాలువా ఆవిడ నేర్పిందేదీ పనికి రాలేదు. "మర తిరుగుతుండగా చెయ్యి పెట్టమని ఎవరు చెప్పారు?" అని అధికారి అడిగాడు. అతని మాట అందింది. ఆవిడ జవాబు చెప్పింది. పెద్ద జవాబే. పదకొండుసార్లు తిప్పి విన్నాను. ఒక్క ముక్క అందలేదు. "వినపడలేదు" అని టైపు చేశాను.

ఆ కాగితం అలాగే పంపితే నన్నెవరూ అడగరు. రికార్డింగు బాగాలేదంటే సరిపోతుంది. కానీ ఆ జవాబు లేకపోతే, ఎవరూ చెప్పకుండా తనంతట తనే చెయ్యి పెట్టిందని అయిపోతుంది. ఆవిడ చెప్పింది. చెప్పినా చెప్పనట్టు నేను రాశాను.

ఈ పొద్దున సెక్షన్ మేడం గదిలోకి వెళ్లాను. "రికార్డింగు బాగానే ఉందండి. నాకే వినపడలేదు" అన్నాను. పక్క సీట్లో కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చారు. ఆ అమ్మాయి టీ తాగుతూ టైపు చేసింది. ఒక్క ఖాళీ లేదు. సూపర్‌వైజరు పేరుతో సహా ఉంది ఆవిడ జవాబు.

నా హెడ్‌ఫోన్లు తీసేసుకున్నారు. ఇకమీదట అచ్చుకు వెళ్లే కాగితాలు చదివి తప్పులు దిద్దే పని. పాత రికార్డింగుల్లో నావి ఏవేవి మళ్లీ వినాలో జాబితా రాసివ్వమన్నారు. రాస్తున్నాను. పెద్దదే.

మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. పరదాలు కుట్టడం అయిపోవచ్చింది.

మామయ్య


హెల్ప్ డెస్క్
సెప్టెంబరు 18

మామయ్యకు,

నువ్వు చేసింది ఎంత పెద్ద పనో నాకు తెలుసు. ఇంకేమీ రాయను, రాస్తే నువ్వు ఇబ్బంది పడతావు.

ఇప్పుడు నేను రాసేది నిలబడి కాదు, కూర్చుని చదువు. నిన్న అమ్మ మళ్లీ ఫోన్ చేసింది. పరదాలకి రింగులు వేయాలా, తాడు వేయాలా అని అడిగి, ఉన్నట్టుండి ఏడ్చింది. "వాడు నన్ను క్షమించలేదే. రెండేళ్లుగా మిషను దగ్గర కూర్చుని ఎన్నిసార్లు చెప్పానో. మొహం చూసి చెప్పే ధైర్యం లేక కుడుతూ చెప్పాను. ఒక్కసారి కూడా పలకలేదు. లేచి వెళ్లిపోతాడు. ఈవిడన్నా వస్తే నా మనసు కుదుటపడుతుంది" అంది.

ఏం చెప్పావమ్మా అని అడిగాను. "చెప్పాల్సిన వాడికి చెప్పాను, నీకెందుకు" అంది.

నువ్వు వినలేదని ఆవిడకు తెలీదు. ఆవిడ చెప్పిందని నీకు తెలీదు. మధ్యలో నాకొక్కదానికే రెండూ తెలుసు, ఇది నా వల్ల కాదు. నేను రోజంతా జనాల కంప్యూటర్లు బాగుచేస్తాను, దీన్ని బాగుచేసే బటన్ నా దగ్గర లేదు.

ఆవిడని మిషను ఆపమను. కుర్చీ నీ వైపు తిప్పుకోమను. ముందు నువ్వు చెప్పు.

నీ కోడలు


ఇల్లు, ముందు గది
సెప్టెంబరు 29

కోడలు పిల్లకు,

ఇది ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను. మీ అమ్మ పక్క గదిలో ఉంది.

ఆదివారం పొద్దున మిషను బెల్టు నేనే తీసేశాను. ఏమిటిదంది. కుర్చీ తిప్పమన్నాను. తిప్పింది. ఎర్ర శాలువా ఆవిడ ఎవరో చెప్పాను, ఎందుకో చెప్పాను, ఆఫీసు సంగతీ చెప్పాను. మీ అమ్మ కాసేపు నా చెవుల వంక చూసింది, అవి తలకు ఉన్నాయో లేదో అన్నట్టు. "అయితే ఎవరూ రావడం లేదా?" అంది. రావడం లేదన్నాను. "రెండేళ్లూ నేను చెప్పింది?" అంది. ఒక్కటీ వినలేదన్నాను. మళ్లీ చెప్పమన్నాను.

చెప్పింది. ఏడుస్తూ చెప్పింది, అందుకని మూతి నిలకడగా లేదు. సగమే అందింది. రెండేళ్ల కిందట ఎవరింటికో పరదాల కొలతలకు వెళ్తే తలుపు తీసింది ఒక డ్రాయింగ్ టీచరట. ముప్పై ఏళ్ల కిందట నాకు చూసిన సంబంధం. వాళ్లు వద్దనుకున్నారని ఇన్నాళ్లూ అనుకున్నాను. వాళ్లు వద్దనలేదు. "మా తమ్ముడికి ఇష్టం లేదు" అని మీ అమ్మే వెళ్లి చెప్పి వచ్చిందట. మీ నాన్న పోయి అప్పటికి నాలుగు నెలలు, చేతిలో చిన్నపిల్ల, నేను పెళ్లి చేసుకుని వెళ్లిపోతే ఎలాగని భయమేసిందట. ఆ టీచరు ఇప్పుడు ఎలా ఉందో కూడా చెప్పింది. అది అందలేదు. మళ్లీ అడగలేదు.

నువ్వు ఇందులో బాధపడాల్సిందేమీ లేదు. నీకప్పుడు మూడేళ్లు.

కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. వచ్చింది. బయటికి వెళ్లి నడిచాను. ఆ టీచరుకు క్లాసులో చేతికంటిన నీలం రంగు ఎప్పుడూ పూర్తిగా పోయేది కాదు. రెండుసార్లే చూశాను, అది గుర్తుంది. ఆ కోపం మధ్యాహ్నం దాకా ఉంది. తిరిగి వచ్చేసరికి మీ అమ్మ అదే కుర్చీలో, అదే వైపు తిరిగి కూర్చుని ఉంది. అన్నం వండలేదు. ఎదురుగా కూర్చున్నాను. చెవులు శుభ్రంగా పనిచేసే మనిషి, నేనేమంటానోనని నా మూతి వంకే చూస్తోంది.

"పోన్లే అక్కా" అన్నాను.

మామయ్య